నాలుగు మార్కుల బోర్డు

మంగళవారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు హేచరీలో కంప్యూటర్ ఆగిపోయింది. కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద నడిచేది కాబట్టి, పదకొండేళ్ల రెండు నెలల్లో అది ఆగడం అదే మొదటిసారి. ఆ సమయానికి మూడు పొదిగే యంత్రాల్లో తొమ్మిది వేల ఆరు వందల కోడిగుడ్లు ఉన్నాయి. వాటికి అది పదిహేడో రోజు. ఇరవై ఒకటో రోజు, అంటే శనివారం, పిల్లలు రావాలి.

పది ఇరవైకి హేచరీ యజమానురాలు తన ఆడపడుచుకు ఫోను చేసింది. ఆడపడుచు ఊరి మధ్యలో ఒక ఆఫీసులో కూర్చుని కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డులను, అంటే మదర్‌బోర్డులను, పరీక్షించి, పత్రికకు సమీక్షలు రాస్తుంది. పదికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఇంట్లోవాళ్లు ఆమెను మార్కులమ్మ అంటారు.

"మార్కులమ్మా, నీ నాలుగు మార్కుల బోర్డు మొండికేసింది," అంది వదిన.

"ఏ బోర్డు వదినా?"

"మీ అన్నయ్య కొన్నది. నువ్వు నాలుగేసింది. ఇంటికొచ్చినప్పుడల్లా దెప్పేదానివి, అప్పుడే మర్చిపోయావా?"

"అది ఇంకా నడుస్తోందా?"

"ఇందాకటి దాకా."

అన్నయ్య ఫోను అందుకున్నాడు. కాలిన వాసన వస్తోందనీ, కరెంటు అందించే పవర్ సప్లై ఫ్యాను తిరగడం లేదనీ చెప్పాడు. యంత్రాల్లో వేడి ఎంతుండాలో, తేమ ఎంతుండాలో, ట్రేలు ఎప్పుడు ఒరగాలో ఆ కంప్యూటరే చూసుకుంటుంది. ఇప్పుడు వదిన ఒక యంత్రం దగ్గర, అన్నయ్య రెండో దాని దగ్గర, కాపలామనిషి మూడో దాని దగ్గర థర్మామీటర్ పట్టుకుని నిలబడి, హీటర్ల స్విచ్చులు చేత్తో వేస్తూ తీస్తూ ఉన్నారు.

"నా దగ్గర కొత్త కంప్యూటర్లు ఇరవై ఉన్నాయి అన్నయ్యా. అరగంటలో ఒకటి తెస్తాను."

"కొత్తవాటిలో నా కార్డు పట్టదు చెల్లాయ్. దానికి పాత స్లాటు కావాలి."

ఆ కార్డు అన్నయ్య చేత్తో చేసుకున్నది. కంప్యూటర్ ఇచ్చే ఆజ్ఞలను హీటర్లకూ మోటార్లకూ అందించేది అదే.

"పోనీ ప్రోగ్రాం మార్చి, వేరే కార్డు..."

"రాసింది నేనే. ఇప్పుడు చదివితే నాకే అర్థం కాదు."

వదిన మళ్లీ ఫోను లాక్కుంది. ఆమె అప్పటికే ఇంకో హేచరీతో మాట్లాడింది. అక్కడ ఒక యంత్రం ఖాళీగా ఉంది, కాస్త సర్దితే గుడ్లన్నీ పడతాయి. వ్యాన్ వాకిట్లో ఉంది. ఒంటిగంటకు ఎక్కించడం మొదలుపెడితేనే చల్లబడక ముందే అక్కడికి చేరతాయి. చేరినా, ఈ వయసులో రోడ్డు కుదుపులకు సగం పోతాయి. ఎక్కించకుండా, కంప్యూటరూ లేవకపోతే, చేతి స్విచ్చుల మీద నాలుగు రోజులు నిలబెట్టడం ముగ్గురి వల్ల కాదు. అన్నీ పోతాయి.

"ఒంటిగంటకు నువ్వు చెప్పు," అంది వదిన. "లేస్తుందంటే ఉంచుతాను, పోయిందంటే ఎక్కిస్తాను. ఈసారి మార్కులు వద్దు. అవునో కాదో చెప్పు చాలు."

మార్కులమ్మ ఫోను పెట్టేసి, బల్ల మీది కంప్యూటర్లో ఒక ఫోల్డర్ తెరిచింది. అందులో తొమ్మిదేళ్లుగా ఒకే మనిషి పంపిన ఉత్తరాలు ఉన్నాయి. ఒక్కొక్కటి రెండు వాక్యాలు. "మీరు ఎనిమిది వేసిన బోర్డు నిన్న పోయింది. వయసు రెండేళ్ల నాలుగు నెలలు." పాత బోర్డులు బాగుచేసే దుకాణం నడిపే ఆయన రాసినవి. ఆఫీసులో ఆయనకు సంతాపం మాస్టారు అని పేరు పెట్టారు. ఆమె ఒక్కదానికీ జవాబు రాయలేదు. ఉత్తరాల అడుగున చిరునామా ఉంది. ఆఫీసు నుంచి పావుగంట నడక.

పదకొండింటికి ఆమె ఆ దుకాణంలో ఉంది. మాస్టారికి అరవై దాటి ఉంటాయి. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుని టంకం వేస్తున్నారు. ఆమె పేరు చెప్పగానే టంకం ఇనుము దాని స్టాండులో పెట్టారు.

"మీరా! కూర్చోండమ్మా. జవాబు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందనుకున్నాను గానీ, మీరే వస్తారనుకోలేదు."

"పాత రకం పవర్ సప్లై కావాలి మాస్టారూ. తొందర."

"వెనక గదిలో ఉంది. రండి."

వెనక గదికి ఒకటే కిటికీ. మిగతా మూడు గోడలకూ నేల నుంచి పైకప్పు దాకా మేకులు కొట్టి ఉన్నాయి. మేకుకో మదర్‌బోర్డు. ప్రతి బోర్డు మీదా తెల్ల సిరాతో మూడు వరుసలు రాసి ఉన్నాయి. మొదటిది తయారైన తేదీ. ఏ వారం, ఏ సంవత్సరం అని బోర్డు మీదే నాలుగంకెలు అచ్చయి ఉంటాయి, దాన్ని చూసి రాసింది. మూడోది ఆయన బల్ల మీద చేతులెత్తేసిన తేదీ. మధ్య వరుసలో ఒక అంకె. ఏడు. ఎనిమిదిన్నర. ఆరు. తొమ్మిది.

మధ్య వరుస ఏమిటో ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"ఇవి నా మార్కులా?"

"మీవే. పత్రిక చూసి రాసుకున్నాను."

"ఎందుకు?"

"మొదట్లో, ఏది కొనాలో తెలుస్తుందని. తరవాత అలవాటైపోయింది. అన్నీ కలిపి పదకొండు వందల ఇరవై ఆరు."

ఆమెకు తొందర ఉంది. అయినా కాలు కదల్లేదు. ఒక గోడ మొదటి నుంచి చివరి దాకా చదువుకుంటూ వెళ్లింది. తను తొమ్మిదిన్నర వేసిన బోర్డులు ఒక వరుసలో పద్నాలుగు ఉన్నాయి. ఆమె వేసిన మార్కుల్లో అంతకు మించినవి లేవు. వాటిలో పన్నెండు రెండేళ్లు అటూ ఇటూగా పోయాయి. మిగతా రెండు తొమ్మిదేళ్లు దాటి బతికాయి.

మాస్టారు ఆ వరుసలోంచి రెండు బోర్డులు తీసి కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టారు. పేరు ఒకటే. రంగు ఒకటే. కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్లు, సన్నటి డబ్బీల్లాంటివి, ఒకదాని మీద ఒక రకం, రెండోదాని మీద ఇంకో రకం.

"మీ బల్ల మీదికి వచ్చింది ఇలాంటిది. ఆర్నెల్ల తరవాత అంగట్లోకి వచ్చింది అలాంటిది. పెట్టె అదే, పేరు అదే, పెట్టె మీద అచ్చేసిన మీ మార్కులూ అవే. లోపల సరుకు మార్చేశారు."

"నాకు ఒక్క మాట రాయాల్సింది."

"రాశాను. నాలుగుసార్లు."

ఆమె రెండు బోర్డులనూ వేలితో తడిమి చూసింది. తరవాత అడిగింది, "అయితే నా మార్కులకూ వీటి ఆయుష్షుకూ సంబంధమే లేదంటారు."

"అలా అనను. అటు చూడండి, మీరు మూడు వేసినవి మూడు నెలల్లో పోయాయి. మీ కంటపడ్డ లోపం లోపమే. కంటపడనిది ఏడు రోజుల్లో ఎవరికి కనబడుతుంది? ఇంకో సంగతి. ఈ గోడ ఎక్కేవి పోయినవే. పోకుండా ఎక్కడెక్కడ ఎన్ని నడుస్తున్నాయో నాకేం తెలుసు? మీకు మొదటి వారం తెలుసు, నాకు చివరి రోజు తెలుసు. మధ్యలోది ఎవరికీ తెలియదు."

గోడ మూలలో ఒక మేకు ఖాళీగా ఉంది. దానికి ఒక కాగితం ముక్క గుచ్చి ఉంది. కాగితం మీద ఒక బోర్డు పేరు, నాలుగు అనే అంకె.

"ఇది?"

"ఇది పదకొండేళ్లలో నా దగ్గరికి ఒక్కటీ రాలేదు. గట్టిదైనా అయ్యుండాలి, మీరు రాసింది చదివి ఎవరూ కొనకపోయైనా ఉండాలి."

"ఒకరు కొన్నారు," అంది ఆమె. "నేనొచ్చింది దాని కోసమే."

మాస్టారు పైన ఉన్న కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "నడుస్తోందా?"

"పొద్దున పదింటి దాకా నడిచింది."

ఆయన గబగబా బల్ల దగ్గరికి వెళ్లారు. పవర్ సప్లై, రెండు స్క్రూడ్రైవర్లు, భూతద్దం, కత్తెర సంచిలో వేసుకున్నారు. వీధి చివరిదాకా వెళ్లాక దుకాణానికి తాళం వేయలేదని గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తారు.

హేచరీకి చేరేసరికి పన్నెండుంపావు. వాకిట్లో వ్యాన్ వెనక తలుపులు తీసి ఉన్నాయి. కంప్యూటర్ ఉన్న గది పొదిగే గదికి ఆనుకుని ఉంది. గోడ మీది థర్మామీటర్ ముప్పై మూడు డిగ్రీలు చూపిస్తోంది. మార్కులమ్మ పరీక్షలు చేసే గదిలో ఇరవై రెండు డిగ్రీలకు మించనివ్వరు. అక్కడ బోర్డును పెట్టెలో కూడా పెట్టరు. బల్ల మీద, గాలి తగిలేలా పరుస్తారు.

మాస్టారు కంప్యూటర్ పెట్టె పక్క రేకు విప్పారు. లోపల బోర్డు కనబడలేదు. పసుపు రంగు దుప్పటి కనబడింది. పదకొండేళ్లుగా కోడిపిల్లల ఒంటి మీది నూగు గాలిలో తేలి వచ్చి, ఒకదాని మీద ఒకటి పేరుకుని, రెండు వేళ్ల మందాన కంబళిలా అతుక్కుపోయింది. పవర్ సప్లై ఫ్యాను ఆ నూగు చుట్టుకునే బిగుసుకుపోయింది.

"దీని కిందా ఇది నడిచింది?" అన్నారు మాస్టారు. ఎవరినీ అడిగినట్టు లేదు.

ఆయన కత్తెరతో అంచులు కత్తిరించి, నూగును ఒకే ముక్కగా ఎత్తి, చొక్కా మడిచినట్టు మడిచి బల్ల మీద పెట్టారు. కింద బోర్డు ఉంది. దాని మీద దుమ్ము లేదు. మార్కులమ్మ వంగి చూసింది. ఇలాంటిది ఒకటి తన బల్ల మీద ఏడు రోజులు ఉంది. దీన్ని గురించి ఏం రాసిందో గుర్తు తెచ్చుకోబోయింది గానీ రాలేదు. కెపాసిటర్లు లెక్కపెట్టింది. ఇరవై ఆరు. ఒక్కటీ ఉబ్బలేదు, ఒక్కటీ కారలేదు.

మాస్టారు భూతద్దం ఆమె చేతికిచ్చారు. ఆమె మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై ఆరే.

"నేను పదకొండు వందలకు పైగా బోర్డులు చూశాను," అన్నారాయన. "ఈ వేడిలో, ఈ తేమలో, ఇంత నూగు కింద ఇలా ఉన్నదాన్ని చూడలేదమ్మా."

తలుపు దగ్గర వదిన తల కనబడింది. "చూసి మురిసిపోవడం అయ్యాక లేపుతారా? పన్నెండున్నర."

పన్నెండు గంటల యాభై నిమిషాలకు కొత్త పవర్ సప్లై బిగించడం అయింది. యాభై రెండుకు మార్కులమ్మ స్విచ్చు నొక్కింది. ఫ్యాను తిరిగింది. బోర్డు మూలన పచ్చ దీపం వెలిగింది. తెర నల్లగా ఉంది.

ముప్పై సెకన్లు గడిచాయి. తెర నల్లగానే ఉంది.

నిమిషం గడిచింది. ఆమె తీగలన్నీ ఒకసారి తడిమి చూసింది. అన్నీ బిగువుగానే ఉన్నాయి. ఆమె బల్ల మీదికి వచ్చే ఏ బోర్డూ ఈ రోజుల్లో ఇరవై సెకన్లకు మించి తీసుకోదు. మించితే అర మార్కు కోత.

"ఏమంటోంది?" వదిన మళ్లీ వచ్చింది. ఆమె వెనక వ్యాన్ డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆగు వదినా."

"ఆగడానికి నాకేం తొందర లేదు. గుడ్లకుంది."

రెండు నిమిషాలు. మార్కులమ్మ చెయ్యి స్విచ్చు మీదికి వెళ్లింది. ఆపి మళ్లీ వేస్తే ఏమైనా కదులుతుందేమోనని. గొంతులో మాట కూడా సిద్ధమైంది. పోయింది, ఎక్కించు అని.

మాస్టారు ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"ఆపకండి."

"పోయింది మాస్టారూ. పచ్చ దీపం వెలిగినంత మాత్రాన..."

"మీరే రాశారు కదమ్మా."

"ఏం రాశాను?"

ఆయన తెర వైపే చూస్తూ అప్పజెప్పినట్టు చెప్పారు. "సెట్టింగులు ఏమీ లేనప్పుడు మొదటిసారి ఆన్ చేస్తే, ఈ బోర్డు తన మెమరీ మొత్తం గడి గడీ పరీక్షించుకుంటుంది. అంతవరకూ తెర నూట తొంభై సెకన్లు నల్లగానే ఉంటుంది. చచ్చిందో బతికిందో తెలియదు. ఇంతసేపు ఓపిక పట్టేవాళ్లెవరు? దీనికి రెండు మార్కులు తగ్గిస్తున్నాం."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పదకొండేళ్లలో ఇది ఆగలేదు. బోర్డు మీది చిన్న బ్యాటరీ ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది, ఎవరికీ తెలియలేదు. సెట్టింగులు పోయాయి. దీని దృష్టిలో ఇదే మొదటిసారి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. పైగా పాత బోర్డుకు గండం నడిచేటప్పుడు కాదు, లేచేటప్పుడు. ఎన్నిసార్లు లేపితే అన్ని గండాలు."

అన్నయ్య పక్క గదిలోంచి అరిచాడు. "నూట తొంభై అయిందా?"

"నీకూ గుర్తుందా?" అంది చెల్లెలు.

"గుర్తుండకపోవడమేంటి? అది చదివే కదా కొన్నాను. తన మెమరీ తాను చూసుకునేది దొరికింది, పాత స్లాటూ ఉంది. ఈ కాలంలో ఈ స్లాటు ఎవరి కోసమని ఇంకో రెండు తగ్గించావు. నువ్వు తిట్టిన రెండూ నాకు కావాల్సినవే. మిగతా రెండు మార్కులు ఎందుకు తగ్గించావో ఇప్పటికీ తెలీదు."

"దీపాలు లేవని," అన్నారు మాస్టారు. "రంగురంగుల దీపాలు."

వదినకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "అన్నాచెల్లెళ్ల ముచ్చట్లు తరవాత. నువ్వు చెప్పు. అవునా, కాదా?"

మార్కులమ్మ గడియారం చూసింది. నూట యాభై సెకన్లు. పద్దెనిమిదేళ్లలో ఆమె చూడని దాని గురించి ఎప్పుడూ మాట ఇవ్వలేదు. తెర మీద ఇంకా ఏమీ లేదు.

"ఉంచు వదినా," అంది. "ఎక్కించకు."

వదిన డ్రైవరు వైపు తిరిగి, "ఊరికే నిలబడకు నాయనా, రా," అని థర్మామీటర్ ఒకటి అతని చేతిలో పెట్టింది.

నూట ఎనభై. పక్క గదిలో ఫ్యాన్ల చప్పుడు వినబడుతోంది.

నూట తొంభై ఒకటో సెకనుకు పెట్టెలోంచి కీచుమని ఒక శబ్దం వచ్చింది. తెర మీద తెల్లటి అక్షరాలు వరుసగా దిగాయి. మెమరీ సరిగా ఉంది. బ్యాటరీ లేదు. తేదీ సరిచూడండి. తేదీ ఉండాల్సిన చోట జనవరి ఒకటి అని ఉంది. సంవత్సరం, బోర్డు తయారైన సంవత్సరం.

మాస్టారు అక్కడ బోర్లించి ఉన్న ట్రే మీద కూర్చుండిపోయారు.

అన్నయ్య తన థర్మామీటర్ను వదినకు అప్పగించి పరిగెత్తుకొచ్చాడు. "తేదీ పెట్టకుండా ఏదీ నొక్కకు! గుడ్లకు ఎన్నో రోజో ఈ ప్రోగ్రాం తేదీని బట్టే లెక్కేస్తుంది. జనవరి ఒకటి అంటే దీని లెక్కలో ఈ గుడ్లింకా పెట్టనేలేదు. వేడి మొత్తం తప్పుతుంది."

తేదీ, సమయం పెట్టారు. బ్యాటరీ మార్చాలంటే మళ్లీ ఆపాలి. శనివారం దాకా దాని జోలికి పోవద్దన్నారు మాస్టారు. ఒంటిగంట ఎనిమిదికి ప్రోగ్రాం మొదలైంది. తెర మీద మూడు యంత్రాల ఉష్ణోగ్రతలు వచ్చాయి. ముప్పై ఏడు పాయింట్ నాలుగు, ముప్పై ఏడు పాయింట్ తొమ్మిది, ముప్పై ఏడు పాయింట్ మూడు. మధ్యది ఎక్కువ ఉంది. అది అన్నయ్య నిలబడ్డ యంత్రం. వదిన ఆ సంగతి గట్టిగానే చెప్పింది.

కింద ఇంకో అంకె ఉంది. 97,912.

"ఇదేమిటి?" అంది మార్కులమ్మ.

"ట్రేలు ఒరిగిన లెక్క," అన్నాడు అన్నయ్య. "గుడ్లున్నా లేకున్నా గంటకోసారి ఒరుగుతాయి. మెమరీ కార్డు మీద రాసుకుంటుంది. పొద్దున ఆగినచోట మొదలైంది."

గంటకోసారి. ఆమె జేబులోంచి పెన్ను తీసి, నూగు కంబళి పక్కన పడున్న అట్టముక్క మీద లెక్క వేసింది. ఆమె ఒక్కో బోర్డుకు ఇచ్చేది ఏడు రోజులు. నూట అరవై ఎనిమిది గంటలు. పద్దెనిమిదేళ్లలో రాసిన సమీక్షలు నాలుగు వందల పది. అన్నీ కలిపితే అరవై ఎనిమిది వేల ఎనిమిది వందల ఎనభై గంటలు. ఆమె ఉద్యోగంలో చేరిన రోజు నుంచి పరీక్షించిన బోర్డులన్నిటి గంటలూ ఒకదాని వెనక ఒకటి పేర్చినా ఈ ఒక్క బోర్డు నడిచిన కాలానికి ఇరవై తొమ్మిది వేల గంటలు తక్కువ.

ఆమె రెండోసారి వేసింది. అదే వచ్చింది. అట్టముక్కను మాస్టారికి చూపించింది. ఆయన చదివి, వెనక్కి ఇవ్వకుండా సంచిలో పెట్టుకున్నారు.

ఒంటిగంట పద్నాలుగు నిమిషాలకు పక్క గదిలో మోటార్లు మూలిగాయి. అందరూ తలుపు దగ్గరికి వెళ్లారు. మూడు యంత్రాల గాజు తలుపుల వెనక తొమ్మిది వేల ఆరు వందల గుడ్లు ఒకేసారి ఎడమ వైపు నుంచి కుడి వైపుకు ఒరిగాయి. ఒరగడానికి నలభై సెకన్లు పట్టింది. వదిన రోజూ చూసేదే. ఆ రోజు ఆమె కూడా చివరిదాకా నిలబడి చూసింది.

"ఇప్పుడు ఎన్ని వేస్తావు?" అంది ఆమె, ఆడపడుచు వైపు చూడకుండా.

"నేనేం వేయగలను వదినా?"

"అమ్మయ్య. ఒకటైనా తెలియదని ఒప్పుకుంది," అని వదిన డ్రైవరును పంపించడానికి వెళ్లిపోయింది.

బుధవారం గుడ్లను పిల్లలు బయటికొచ్చే గదికి మార్చారు. అదే రోజు మార్కులమ్మ పత్రిక సంపాదకుడికి ఒక కాగితం ఇచ్చింది. ఇక మీదట ప్రతి సమీక్ష కింద ఒక వాక్యం వేయాలని అందులో ఉంది. "ఇది మాకు పంపిన ఒక్క బోర్డుకు ఏడు రోజులు చేసిన పరీక్ష. ఎనిమిదో రోజు గురించీ, మీరు కొన్న బోర్డు గురించీ మాకు తెలియదు." ఇది వేస్తే చదివేవాళ్లు నవ్వుతారని సంపాదకుడు అన్నాడు. నవ్వితే నవ్వనివ్వండని ఆమె అంది. ఆయన కాగితం సొరుగులో పెట్టాడు. నిర్ణయం ఇంకా చెప్పలేదు.

గురువారం ఆమె మాస్టారికి మొదటిసారి జవాబు రాసింది. తొమ్మిదేళ్ల ఉత్తరాలకు కలిపి ఒకే జవాబు. తయారైన తేదీలతో సహా గోడ మొత్తం రాసుకోవడానికి ఎప్పుడు రావచ్చని అడిగింది. ఎప్పుడైనా రావచ్చనీ, ఒక మేకు మాత్రం ఖాళీగానే ఉంటుందనీ ఆయన రాశారు.

శనివారం తెల్లవారుజామున మొదటి గుడ్డు పగిలింది. మధ్యాహ్నం మూడున్నరకు లెక్క పూర్తయింది. తొమ్మిది వేల ఆరు వందల గుడ్లకు ఎనిమిది వేల నూట నలభై రెండు పిల్లలు వచ్చాయి. అంతకు ముందు విడతలో అన్నే గుడ్లకు వచ్చినవి ఎనిమిది వేల నూట పదిహేడు.

నాలుగు గంటలకు తెర మీది అంకె 98,011.